నిలువెత్తు ప్లాస్టిక్ అస్థిపంజరం: ఏడాది పాటు తరగతిలో వాడిన తర్వాత

ఖమ్మం జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో బైపీసీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్నాను. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరంలో మానవ శరీర నిర్మాణానికి, శరీరధర్మశాస్త్రానికి పెద్ద వాటా ఉంది. అందులో అస్థిపంజరం పాఠం వచ్చేసరికి పిల్లలు ఎముకల పేర్లను ఎక్కాల్లా అప్పజెప్పడం, ఒక ఎముక చేతికిచ్చి ఇది కుడి వైపుదా ఎడమ వైపుదా అని అడిగితే మౌనంగా నిలబడిపోవడం ఏటా చూస్తున్నాను. ఆ కొరత తీర్చడానికి గత జూన్‌లో హైదరాబాదు కోఠిలో, వైద్య విద్యార్థులకు కావలసిన సామగ్రి అమ్మే ఒక దుకాణంలో నిలువెత్తు ప్లాస్టిక్ అస్థిపంజరం కొన్నాం. దాని ఎత్తు 170 సెంటీమీటర్లు. చక్రాల స్టాండు, దుమ్ము పడకుండా కప్పే కవరుతో కలిపి 11,500 రూపాయలు అయింది.

అంతకు ముందు మా ప్రయోగశాల బీరువాలో నిజమైన అస్థిపంజరమే ఒకటి ఉండేది. 1985లో కేంద్ర ప్రభుత్వం మానవ ఎముకల ఎగుమతిని నిషేధించే వరకు ప్రపంచంలోని ఎన్నో వైద్య కళాశాలలకు ఎముకలు కలకత్తా నుంచే వెళ్ళేవి, ఆ ఎముకలు ఎవరివో, వారి అనుమతి ఎవరు తీసుకున్నారో చెప్పే కాగితం మాత్రం వాటితో వెళ్ళేది కాదు. మా బీరువాలోని మనిషి గురించి కూడా మాకు ఏమీ తెలియదు. ఆ ఎముకలను ముట్టుకోవడానికి చాలామంది పిల్లలు భయపడేవారు, ముట్టుకున్నవారిని చూస్తే నాకే మనసు కలుక్కుమనేది. ప్లాస్టిక్ నమూనా వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు ఎముకను విప్పి, తిప్పి, తమ ఒంటి మీద ఆనించుకొని మరీ చూస్తున్నారు.

ఈ నమూనాలో నాకు అన్నిటికంటే నచ్చింది వెన్నెముక. మెడ, నడుము దగ్గర ముందుకు, వీపు, త్రికం (నడుము కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముక) దగ్గర వెనక్కు ఉండే నాలుగు వంపులూ స్పష్టంగా ఉన్నాయి. పుట్టిన బిడ్డకు మెడ వంపు, నడుము వంపు ఇలా ఏర్పడి ఉండవు. ‘పాపకు మెడ నిలిచింది’ అని మన ఇళ్ళలో అనుకునే రోజుల్లో మెడ వంపు, నిలబడి అడుగులు వేసే రోజుల్లో నడుము వంపు ఏర్పడతాయని ఈ బొమ్మ పక్కన నిలబడి చెబితే ఒక్కసారికే అర్థమవుతోంది. నడుములోని నాలుగవ, ఐదవ కశేరుకల (వెన్నుపూసల) మధ్య ఉన్న మెత్తని మృదులాస్థి బిళ్ళను ఎర్ర రంగులో బయటికి ఉబ్బినట్టు చేశారు, దాని పక్కనే పసుపు రంగు నాడి (నరం) ఉంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక తండ్రి కొడుకు ఆ ఎర్ర బిళ్ళను చాలాసేపు చూసి, నడుములో నొప్పి అయితే మా నాన్నకు కాలు ఎందుకు లాగుతుంది సార్ అని అడిగాడు. ఆ నాడి కాలిలోకి దిగే దారిని వేలితో చూపించాను. అంతకు మించి చెప్పవలసిన అవసరం రాలేదు.

పక్కటెముకల విషయం త్వరగా చెప్పేస్తాను. పన్నెండు జతలూ ఉన్నాయి. రొమ్ము ఎముక అయిన ఉరోస్థికి నేరుగా అతికిన ఏడు, పై పక్కటెముక మృదులాస్థి ద్వారా అతికిన మూడు, ముందు వైపు దేనికీ అతకని రెండు జతలు రంగు తేడాతో సులభంగా తెలుస్తున్నాయి.

అయితే కదలికలు బోధించడానికే ఎక్కువగా కొనే వస్తువులో కదలికల దగ్గరే లోపాలు ఉండడం బాధ కలిగించింది. మొదటిది మెడ. మనం ఔనని తల ఊపినప్పుడు పుర్రె మొదటి కశేరుక అయిన అట్లాస్ మీద ముందుకు వెనక్కు ఊగుతుంది. కాదని తల తిప్పినప్పుడు పుర్రె, అట్లాస్ రెండూ కలిసి రెండవ కశేరుక అయిన యాక్సిస్ నుంచి పంటిలా పైకి నిలిచిన మొన చుట్టూ తిరుగుతాయి. మన పాఠ్యపుస్తకాలు బొంగరపు కీలు అని ఎంతో అందంగా పేరు పెట్టింది దీనికే. ఈ నమూనాలో పుర్రెను ఒక మర మీద నిలబెట్టారు కాబట్టి తిప్పినప్పుడు పుర్రె ఒక్కటే తిరుగుతుంది, అట్లాస్ కదలదు. ఉపాధ్యాయుడు ముందే హెచ్చరించకపోతే బొంగరపు కీలు పుర్రెకూ అట్లాస్‌కూ మధ్య ఉందని పిల్లలు తప్పుగా నేర్చుకుంటారు.

రెండవది ఇంకా పెద్ద లోపం. ముంజేతిలోని రత్ని, అరత్ని ఎముకలను రెండు చోట్ల తీగతో బిగించేశారు. అరచేయి పైకి చాచినప్పుడు ఈ రెండూ సమాంతరంగా ఉంటాయి, బోర్లించినప్పుడు బొటనవేలి వైపున్న రత్ని అరత్ని మీదుగా అడ్డంగా వస్తుంది. తాళం తిప్పడం, ముద్ద కలపడం, గరిటె తిప్పడం వంటి మన చేతి పనుల్లో సగానికి ఈ కదలికే ఆధారం. మా నమూనాలో చేయి మోచేతి దగ్గర మడతబందు కీలులా చక్కగా మడుస్తుంది గాని, అరచేయి బోర్లించబోతే మొత్తం చేయి భుజం నుంచి తిరుగుతుంది. చివరికి రెండు వెదురు బద్దలకు రబ్బరు బ్యాండ్లు చుట్టి ఆ కదలికను విడిగా చూపించవలసి వచ్చింది. తుంటి దగ్గరి బంతిగిన్నె కీలు మాత్రం బాగా చేశారు. తొడ ఎముక తలను గిన్నెలోంచి బయటికి లాగి చూపించి, మళ్ళీ లోపల పెట్టవచ్చు.

పెట్టె మీద 206 ఎముకలు అని అచ్చు వేశారు. పిల్లలతో లెక్క పెట్టిస్తే ఆ సంఖ్య రాదు. నాలుక అడుగున ఉండే హయాయిడ్ ఎముక లేదు, రెండు చెవుల్లోని ఆరు చిన్న ఎముకలు లేవు. మణికట్టులో ఒక్కొక్క చేతికి ఉండవలసిన ఎనిమిది ఎముకలను ఒకే ముద్దగా పోశారు, ఎడమ మణికట్టులో వాటి మధ్య గీతలు కూడా సరిగా కనిపించవు. రెండు చేతుల్లో 54, రెండు పాదాల్లో 52 కలిపితే శరీరంలోని ఎముకల్లో సగానికి పైగా అక్కడే ఉన్నాయి కనుక, ఇంత ఖరీదు పెట్టినప్పుడు ఆ భాగాల మీద మరింత శ్రద్ధ ఆశించడం న్యాయమే. శ్రోణి (తుంటి దగ్గరి ఎముకల వలయం) పురుషుడిది. స్త్రీ శ్రోణిలో ముందు వైపు కోణం ఎంత విశాలంగా ఉంటుందో, ప్రసవానికి ఆ వెడల్పు ఎంత అవసరమో చూపించాలంటే మరో నమూనా కొనవలసిందే.

ఏ ప్లాస్టిక్ ఎముకా చూపించలేనిది ఎముక లోపలి భాగం. దానికి మా దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి మటన్ దుకాణం నుంచి నల్లి బొక్క తెచ్చి నిలువునా కోయించడం. పైన గట్టి పొర, చివరల్లో స్పంజిక భాగం, మధ్యలో మూలుగ ఒకేసారి కనిపిస్తాయి. కోడి కాలి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెడితే కాల్షియం లవణాలు కరిగిపోయి, కొల్లాజెన్ అనే మాంసకృత్తు మిగిలి, ఎముక రబ్బరులా వంగుతుంది. ఈ రెండూ పక్కన ఉంటే తప్ప నిలువెత్తు నమూనా చూసిన పిల్లలు ఎముకను ప్రాణం లేని కర్రగానే ఊహించుకుంటారని నా అనుభవం.

కండరాలు మొదలయ్యే చోటును ఎర్ర రంగుతో, అతికే చోటును నీలం రంగుతో గుర్తించిన ఖరీదైన రకం కూడా దుకాణంలో ఉంది. ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివేవారికి అది ఉపయోగమే గాని ఇంటర్మీడియట్‌కు అవసరం లేదు. ఎంత ఖరీదైనది కొన్నా కిటికీ పక్కన మాత్రం పెట్టకండి. మే నెల ఎండకు మా నమూనా కింది పక్కటెముకలు మెత్తబడి లోపలికి వంగిపోయాయి.

డబ్బు కట్టే ముందు దుకాణంలోనే ముంజేయి తిప్పి చూడండి, మణికట్టు గీతలు చూడండి, విడదీసే భాగాల మీద కుడి, ఎడమ గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. మాకు వచ్చిన నమూనాలో ఆ గుర్తులు లేవు. పెట్టె విప్పిన రోజు తొందరలో నేనే చేతులు తారుమారుగా తగిలించాను. మోచేతి మొన వెనక్కు ఉండవలసింది ముందుకు వచ్చిందని మొదట గమనించింది రెండవ వరుసలో కూర్చునే ఒక అమ్మాయి. ఆమే రెండు చేతులూ విప్పి, సరిచేసి, భుజాస్థుల (పై చేతి ఎముకల) మీద మార్కరుతో ‘కు’ అని, ‘ఎ’ అని రాసింది.