స్టిల్ ఎంఎస్ 250 చైన్‌సా: బ్రేకు సరే, చైను సంగతేంటి?

45.4 సీసీ ఇంజను, 2.3 కిలోవాట్ల శక్తి, బార్ (చైను దేని చుట్టూ తిరుగుతుందో ఆ పొడుగాటి పలక), చైను లేకుండా ఖాళీ ట్యాంకులతో 4.6 కిలోలు. కాగితం మీద స్టిల్ కంపెనీ పెట్రోలు రంపం ఎంఎస్ 250 ఇంతే. చేతిలోకి వచ్చేసరికి 16 అంగుళాల బార్, చైను, నిండు ట్యాంకులు కలిసి ఆరు కిలోల దాకా తూగుతుంది. పడిపోయిన చెట్లను ముక్కలు చెయ్యడానికి, కట్టెలు కొయ్యడానికి, పన్నెండు అంగుళాల లోపు మానులకి సరిగ్గా అతికే సైజు. రోజంతా పెద్ద మానులు కోసే పనికి ఇది కాదు. బార్ మొత్తం దుంగలో మునిగితే ఇంజను ఈడుస్తుంది, కోసేవాడు ఒంటి బరువంతా వేసి నొక్కుతాడు. కోత పూర్తయిన క్షణంలో ఆ బరువంతా ముందుకి తూలుతుంది.

కొనేముందు అందరూ అడిగేది బ్రేకు గురించే. ముందు హ్యాండిల్‌కి ఎదురుగా నిలబడి ఉండే ప్లాస్టిక్ గార్డే దాని మీట. ముందుకి తోస్తే చైను ఆగుతుంది, వెనక్కి లాగితే వదులుతుంది. బార్ ఉన్నట్టుండి పైకి ఎగిరినప్పుడు ఇది రెండు రకాలుగా పడుతుంది: ఎడమ మణికట్టు తగిలి, లేదా ఆ కుదుపు గట్టిగా ఉంటే గార్డ్ తనంతట తానే ముందుకి వాలి. మణికట్టు తగలాలంటే ముందు చెయ్యి హ్యాండిల్ మీదే ఉండాలి కదా. అందుకే ఎడమ బొటనవేలు హ్యాండిల్ కిందనుంచి చుట్టుకుని ఉండాలి. నాలుగు వేళ్ళతో పాటు బొటనవేలు కూడా పైనే పెట్టి పట్టుకునేవాళ్ళు చాలామంది. బార్ ఎగిరితే ఆ పట్టు జారుతుంది. ఒంటిచేత్తో కోసేవాళ్ళకైతే మణికట్టు బ్రేకు అసలు లేనట్టే.

పని మొదలుపెట్టే ముందు బ్రేకును పరీక్షించాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా బ్రేకు వేసి, మూడు సెకన్లకి మించకుండా పూర్తి రేజ్ ఇవ్వండి. చైను అంగుళం కూడా కదలకూడదు. కదిలిందంటే చాలాసార్లు కారణం సైడ్ కవర్ లోపల పొట్టు, నూనె కలిసి ముద్దకట్టడం, లేదంటే బ్రేక్ బ్యాండ్ అరిగిపోవడం. బ్రేకు వెయ్యకుండా, ట్రిగ్గర్ వదిలేసినా చైను తిరుగుతోందా? ఎల్ఏ అని రాసి ఉన్న స్క్రూను గడియారం ముల్లుకి ఎదురు దిశలో కొద్దికొద్దిగా తిప్పి, చైను ఆగేదాకా స్పీడు తగ్గించండి.

ఇంతకీ బార్ ఎందుకు ఎగురుతుంది? బార్ కుడివైపుకి చూస్తోందనుకుని, దాని గుండ్రటి ముక్కును గడియారంలా ఊహించుకోండి. 12కీ 3కీ మధ్య ఉన్న పావు భాగమే ప్రమాదస్థలం. అక్కడ పన్ను ఏదైనా గట్టి వస్తువుని పట్టుకుంటే చైను ఆగుతుంది, ఆ ఊపు మొత్తం బార్‌ని పైకీ, కోసేవాడి ముఖం మీదకీ తిప్పుతుంది. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. మనిషి తేరుకునే వ్యవధి అందులో ఉండదు. కోస్తున్న దుంగ వెనక కనిపించని ఇంకో దుంగ, కొమ్మలు నరికేటప్పుడు ముక్కుకి తగిలే పిల్లకొమ్మ, ఎక్కువసార్లు కారణం ఇవే. అందుకే మెడా, తలా బార్ గీసే గీతకి కొంచెం ఎడమగా ఉండేలా నిలబడాలి. భుజం కంటే ఎత్తులో కొయ్యకూడదు. నిచ్చెన మీద నిలబడి చైన్‌సా పట్టుకోవడమైతే అసలు తలపెట్టనే కూడదు.

ఈ మోడల్‌కి సాధారణంగా వచ్చేది 0.325 అంగుళాల పిచ్ (లింకుల ఎడం కొలత) చైను. స్టిల్ తన చైన్లలో కిక్‌బ్యాక్ తగ్గించిన వాటికి ఆకుపచ్చ గుర్తు, తగ్గించని వాటికి పసుపు గుర్తు వేస్తుంది. అలవాటు లేని చేతికి ఆకుపచ్చే కొనండి. కోత కాస్త నెమ్మదిస్తే నెమ్మదించనివ్వండి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మిషన్ ఎంత మంచిదైనా, చైను పదును మీ చేతిలో ఉంటుంది. పదునున్న చైను పొట్టును రేకులు రేకులుగా విసురుతుంది, మిషన్ తన బరువుతో తనే దిగుతుంది. రేకులు పోయి పిండి రాలడం మొదలైతే ఆపి ఆకురాయి తియ్యాలి. 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం, ముందుకి తోసేటప్పుడే ఒత్తిడి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి. పన్నుకి రెండు మూడు తోపులు చాలు. అన్నిటికంటే పొట్టిగా ఉన్న పన్నుని చూసుకుని మిగతావన్నీ దాని పొడవుకే తేవాలి. కుడివైపు పళ్ళు పొడుగ్గా, ఎడమవైపువి పొట్టిగా మిగిలితే కోత వంకర తిరుగుతుంది, బార్ దుంగలో ఇరుక్కుంటుంది. చాలామంది అప్పుడు బార్‌ని తిడతారు.

పన్నుకి ముందున్న చిన్న మొప్పని డెప్త్ గేజ్ అంటారు. ఒక్కో పన్ను ఎంత లోతు కొరకాలో అదే నిర్ణయిస్తుంది. ఈ చైనుకి అది పన్ను అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. త్వరగా తెగుతుందని దీన్ని కంటి అంచనాతో బాగా అరగదీసేస్తారు. పన్ను కొరకాల్సిన దానికంటే ఎక్కువ కొరుకుతుంది, మిషన్ అదురుతుంది, కిక్‌బ్యాక్ పెరుగుతుంది. ఆకుపచ్చ చైను కొని దాన్ని మనమే పసుపు కంటే అధ్వాన్నం చేసుకున్నట్టు. ఆ ఎత్తు కొలిచే గేజ్ పట్టీ పెట్టి చూడకుండా ఆ మొప్పని ముట్టుకోవద్దు.

చైను బిగింపుకి ఎంఎస్ 250లో స్క్రూ పక్కవైపున ఉంటుంది, ముందునుంచి పళ్ళ మధ్యకి చెయ్యి పెట్టనక్కర్లేదు. ఇది నచ్చింది. ఇంజను ఆపి, చల్లారాక, బ్రేకు వదిలి, రెండు నట్లు వదులు చేసి, బార్ ముక్కుని పైకెత్తి పట్టుకుని బిగించాలి. చైను బార్ అడుగుకి అంటుకుని ఉండాలి, చేతితొడుగు వేసుకున్న చేత్తో లాగితే సాఫీగా తిరగాలి. కొత్త చైను మొదటి పూట రెండు మూడుసార్లు సాగుతుంది, మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. వేడిమీద బిగించిన చైనుని పని అయ్యాక కొంచెం వదులు చెయ్యండి, లేకపోతే చల్లారి కుంచించుకుని బేరింగుల మీద పడుతుంది. నచ్చనిది ఆ రెండు నట్లు. కవరుకి అతుక్కుని ఉండవు, చేతిలోంచి జారితే పొట్టులో వెతుక్కోవాలి.

స్టార్ట్ చేసే పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఒకే లివర్‌కి నాలుగు స్థానాలు: పైన ఆపు, తర్వాత నడుపు, తర్వాత సగం రేజ్, అడుగున చోక్. మిషన్‌ని నేలమీద పెట్టి, బ్రేకు వేసి, ఎడమచేత్తో ముందు హ్యాండిల్ నొక్కిపట్టి, వెనక హ్యాండిల్‌లో కుడి బూటు మోపి తాడు లాగాలి. గాల్లో వేలాడదీసి లాగకూడదు. చోక్‌లో ఒకసారి 'టప్'మని ఆగిపోతుంది. ఆ చప్పుడు వినగానే సగం రేజ్‌కి తెచ్చి మళ్ళీ లాగాలి. చెవులకి మఫ్ పెట్టుకున్నవాళ్ళు ఆ 'టప్' వినకుండా లాగుతూనే పోతే పెట్రోలు నిండి ప్లగ్ తడుస్తుంది. అప్పుడు లివర్ ఆపు స్థానంలో పెట్టి, ప్లగ్ ఊడదీసి తుడిచి, తాడు నాలుగైదుసార్లు లాగి, ప్లగ్ బిగించి సగం రేజ్‌లో ప్రయత్నించండి. ఇంజను అందుకోగానే ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి వదలాలి. అలా చెయ్యకపోతే బ్రేకు పడి ఉండగానే సగం రేజ్‌లో తిరుగుతూ క్లచ్ కాలిపోతుంది.

లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల మంచి టూస్ట్రోక్ నూనె, అంటే 50కి 1. ఇంజను చల్లారాకే పొయ్యాలి, పోసిన చోటికి కనీసం మూడు మీటర్లు దూరం వెళ్ళి స్టార్ట్ చెయ్యాలి. రెంచ్ అక్కర్లేని మడత మూతలు సుఖమే గానీ, మడత పడుకున్నంత మాత్రాన మూత లాక్ అయినట్టు కాదు. మూత పట్టుకుని ఒకసారి కదిపి చూడండి. వదులుగా ఉంటే పెట్రోలు వేడి ఇంజను మీదకే కారుతుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ చైన్ ఆయిలూ నింపండి. వాడేసిన ఇంజనాయిలు వద్దు, అది బార్ మీది రంధ్రాన్ని మూసేస్తుంది. తెల్లటి చెక్కవైపు ముక్కుని తాకించకుండా పెట్టి రేజ్ ఇస్తే సన్నటి నూనె గీత పడాలి.

దుంగ రెండు చివర్లా ఆనుకుని మధ్యలో గాల్లో ఉంటే పైభాగం నొక్కుకుని ఉంటుంది. పైనుంచి మూడో వంతు మాత్రం కోసి, మిగతాది కిందనుంచి పైకి కొయ్యాలి. ఒక చివర వేలాడుతుంటే దీనికి తిరగేసి: ముందు కిందనుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. బార్ పై అంచుతో కోసినప్పుడు మిషన్ మీవైపుకి తోస్తుందని గుర్తుంచుకోండి. ఇరుక్కున్న బార్‌ని ఇంజను నడుస్తుండగా పీకకండి. కోత మూసుకుపోకుండా అందులో దూర్చే ప్లాస్టిక్ చీలలు దగ్గరుంచుకోండి, ఇనపవి చైను తగిలితే పళ్ళు విరుస్తాయి.

డబ్బాలో దొరకనివి విడిగా కొనాల్సిందే: జాలీ ముసుగు, చెవి మఫ్ ఉన్న హెల్మెట్, కాలి రక్షణ తొడుగు. ఆ తొడుగు లోపల పొడవాటి పీచు ఉంటుంది. చైను తగిలితే ఆ పీచు చైనుని తిప్పే పళ్ళచక్రం, అంటే స్ప్రాకెట్‌లో చుట్టుకుని దాన్ని ఆపేస్తుంది. ఒకసారి కోత పడ్డ తొడుగుని కుట్టి వాడకూడదు. అచ్చం ఇలాగే కనిపించే నకిలీ మిషన్లు కూడా తిరుగుతున్నాయి కాబట్టి, అమ్మేచోటే స్టార్ట్ చేయించి బ్రేకు పరీక్ష చేయించుకున్నాకే డబ్బు కట్టండి.