నాలుగేళ్లుగా మా ఇంటి రౌటర్: టొరెంట్ వేగం కోసం ఏం మార్చాను, ఏది పనిచేసింది

నల్లకుంటలో మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు, హాలు గోడకు బిగించిన రౌటర్ ఇది. 2021 డిసెంబరులో సికింద్రాబాద్ సీటీసీలో కొన్నాను. కేబుల్ గుచ్చే ఐదు గిగాబిట్ పోర్టులు, 128 మెగాబైట్ల మెమరీ, మూడు యాంటెనాలు. దుకాణంలో అబ్బాయి అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న 1750 అనే అంకెను చూపించాడు. అది వైఫైకి సంబంధించిన అంకె. రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాలు 450, 1300 కలిపి వేసుకున్నది. ఏ ఒక్క పరికరానికీ అంత వేగం అందదు. నేను అడిగింది వేరే ప్రశ్న: "ఇందులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కుతుందా?" ఎక్కుతుందని ముందే చూసుకొని వెళ్లాను. ఈ రౌటర్ ఇంతకాలం నిలబడటానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఆ ఉచిత సాఫ్ట్‌వేరే కారణమని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

నా అవసరం ఏమిటో చెబితే తప్ప ఈ సమీక్షకు అర్థం ఉండదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటాను. వాటిలో రచయిత మరణించి 60 ఏళ్లు దాటినవాటికి మన చట్టం ప్రకారం కాపీహక్కు తీరిపోతుంది. అలాంటివి పేజీ పేజీ స్కాన్ చేసి టొరెంటుగా, అంటే ఫైలు కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కే నేరుగా చేరే పద్ధతిలో పంచుతాను. వాటితో పాటు డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు ఇమేజీలు, ఇంటర్నెట్ లేకుండా చదువుకునే తెలుగు వికీపీడియా ఫైలు కూడా నా కంప్యూటర్ నుంచి రాత్రింబవళ్లు వెళుతుంటాయి. కాబట్టి నాకు వేగం అంటే ఫైలు నా దగ్గరికి రావడంతో పాటు, నా దగ్గరి ఫైలు అవతలివాళ్లకు చేరడం కూడా.

మొదట్లో అదే జరగలేదు. మా బాబాయి రాజమండ్రిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తొలి పుస్తకం ఆయన కోసమే పెట్టాను. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి, "ఒరేయ్, నీ పుస్తకం సున్నా శాతం దగ్గరే కూర్చుందిరా. నేనేదైనా నొక్కాలా?" అని అడిగారు. నా కంప్యూటర్ వెలుగుతూనే ఉంది, ఆయన కంప్యూటరూ వెలుగుతూనే ఉంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ (సెకనుకు 100 మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) మీద డెబియన్ ఇమేజీని నేరుగా దించితే సెకనుకు 11 మెగాబైట్లు వచ్చేది. అదే ఫైలును టొరెంటులో దించితే ఒకటిన్నర దాటేది కాదు.

కారణం అర్థం కావడానికి నాకు వారం పట్టింది. ఇంటి రౌటర్ లోపలి నుంచి బయటికి వెళ్లే సంభాషణలను గుర్తుపెట్టుకొని, వాటికి వచ్చే జవాబులనే లోపలికి పంపుతుంది. బయటి నుంచి ఎవరైనా తమంతట తాముగా పలకరిస్తే, ఆ పలకరింపు ఎవరి కోసమో దానికి తెలియదు. వదిలేస్తుంది. టొరెంటులో ట్రాకర్ అనే సర్వర్ చేసేది చిరునామాలు అందించడం మాత్రమే. ఆపైన ఒకరు మరొకరి తలుపు తట్టాలి. నా తలుపు మూసి ఉంది, బాబాయి తలుపూ మూసి ఉంది. ఎవరు తట్టినా అవతల పలికేవారు లేరు. ఇద్దరిలో ఒక్కరు తలుపు తెరిచినా చాలు, రెండోవారు అటు వెళ్లి కలుస్తారు. డెబియన్ విషయంలోనూ అంతే. వందలమంది దగ్గర ఆ ఫైలు ఉన్నా, తలుపు తెరిచినవాళ్లతోనే నాకు పరిచయం కలిగేది. మిగిలినవాళ్లు నాకు దక్కనట్టే.

సరే, ఆ తలుపు, అంటే బయటివాళ్లు నా టొరెంటు ప్రోగ్రాంను చేరే నంబరు గల పోర్టు, తెరుద్దామని కూర్చుంటే రౌటర్లో అన్నీ సరిగ్గా పెట్టినా బయటి నుంచి పరీక్షిస్తే మూసే ఉందని వచ్చింది. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన, ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె కూడా రౌటర్‌లాగే పనిచేస్తోందని అప్పుడు తెలిసింది. అంటే ఒకదాని వెనక ఒకటి, రెండు తలుపులు. కేబుల్ అబ్బాయిని పిలిచి దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను నా రౌటర్‌కే వదిలేలా పెట్టమన్నాను.

"సార్, అలా పెడితే తర్వాత నెట్ రాలేదని మాకు ఫోన్ చేయకూడదు."

"చేయను తమ్ముడూ. పీపీపీఓఈ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి చాలు."

ఇచ్చాడు. ఇంటర్నెట్ సంస్థకు చేసే ఆ లాగిన్ నా రౌటర్‌కే మారింది. అప్పుడు కనిపించింది అసలు సంగతి. రౌటర్ బయటి చిరునామా 100.72తో మొదలైంది. ప్రపంచం నా చిరునామాగా చూస్తున్నది వేరొకటి. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను 2012లో ప్రత్యేకంగా, సంస్థలు ఒక చిరునామాను చాలా ఇళ్లకు పంచే పనికే కేటాయించారు. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం 430 కోట్లే. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి కొత్తగా ఇచ్చే నిల్వ 2011 ఏప్రిల్‌లోనే చివరి వాటాకు చేరింది. అందుకని సంస్థలు ఒక్క పబ్లిక్ చిరునామా వెనక ఎన్నో ఇళ్లను కూర్చోబెడతాయి. ఆ తలుపు మన చేతిలో ఉండదు. మన రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం లేదు.

టొరెంటు నెమ్మదిగా ఉందని కొత్త రౌటర్ కొనబోయే ప్రతి ఒక్కరికీ నా మనవి ఇది. డబ్బు పెట్టే ముందు రౌటర్ స్థితి పేజీలో ఉన్న చిరునామానూ, ఫోన్ వైఫైలో ఉండగా ఏదైనా ఐపీ చూపించే సైటులో కనిపించే చిరునామానూ పోల్చి చూడండి. రెండూ ఒకటి కాకపోతే లోపం మీ రౌటర్‌ది కాకపోవచ్చు. నేను స్టాటిక్ ఐపీ (నాకే కేటాయించే మారని పబ్లిక్ చిరునామా) కోసం అదనపు రుసుము కట్టాను. దరఖాస్తు, ఆధార్ కాపీ, మూడుసార్లు ఫోన్లు, పది రోజుల ఎదురుచూపు. వచ్చిన సాయంత్రం బాబాయి పుస్తకం కదిలింది. 40 మెగాబైట్ల పుస్తకం, నిమిషం కూడా పట్టలేదు. ఆయన మళ్లీ ఫోన్ చేసి మొదటి పేజీలోని పద్యం చదివి వినిపించారు. ఈ నాలుగేళ్లలో నాకు కలిగిన సంతోషాల్లో అది పెద్దది.

పోర్టు తెరిచే పని చిన్నదే కానీ క్రమం తప్పకూడదు. ముందు టొరెంటు నడిచే కంప్యూటర్‌కు ఇంటిలోపల మారని చిరునామా ఇవ్వాలి. రౌటర్లో ఇంటి పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పేజీలో, ఆ కంప్యూటర్ మ్యాక్ చిరునామాకు (పరికరం గుర్తింపు సంఖ్యకు) 192.168.1.50 అని కట్టేశాను. ఇది చేయకపోతే కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ కొత్త చిరునామా తీసుకుంటుంది, తెరిచిన పోర్టు ఖాళీ గదిలోకి దారి చూపిస్తుంది. ఆ తర్వాత టొరెంటు ప్రోగ్రాంలో యాదృచ్ఛిక పోర్టు అనే ఎంపికను తీసేసి ఒకే పోర్టు నిర్ణయించుకోవాలి. 49152కు పైన ఏదైనా మంచిదే. పాత అలవాటైన 6881 నుంచి 6889 వరకు ఉన్నవాటిని వాడకండి. అవి అందరికీ తెలిసినవి, కొన్నిచోట్ల ప్రత్యేకంగా అడ్డుకునేవి. సమాచారం పంపే టీసీపీ, యూడీపీ అనే రెండు పద్ధతులకూ తెరవాలి. చాలామంది టీసీపీ ఒక్కటే తెరిచి ఆగిపోతారు. ట్రాకర్ లేకుండా తోటివారిని వెతికే డీహెచ్‌టీ నడిచేది యూడీపీ మీదే.

పరికరాలే పోర్టులు తెరుచుకునే యూపీఎన్‌పీ ఆన్ చేస్తే ఇవన్నీ వాటంతట అవే జరుగుతాయి కదా అని మా బావమరిది అన్నాడు. జరుగుతాయి. నేను ఆరు నెలలు అలాగే ఉంచాను. ఒకరోజు తెరిచి ఉన్న పోర్టుల జాబితా చూస్తే, గుమ్మం దగ్గర పెట్టిన చవక కెమెరా నన్ను అడగకుండానే తనకోసం ఒక దారి తెరుచుకొని ఉంది. మా గుమ్మం దృశ్యం ప్రపంచానికి ఒక పాస్‌వర్డ్ దూరంలో ఉందన్నమాట. ఆ రాత్రే యూపీఎన్‌పీ తీసేశాను. మళ్లీ పెట్టలేదు. డీఎంజెడ్ అనే మరో సులువైన మార్గం ఉంది, అది ఒక కంప్యూటర్‌కు అన్ని పోర్టులూ తెరిచేస్తుంది. ఒక్క కిటికీ కావాల్సిన చోట గోడ తీసేయడం దేనికి?

పోర్టు తెరుచుకున్నాక సెకనుకు ఎనిమిది తొమ్మిది మెగాబైట్లు రావడం మొదలైంది. దాంతో కొత్త సమస్య వచ్చింది. మా ఆవిడ ఇంటి నుంచే పనిచేస్తుంది. వీడియో కాల్‌లో ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అవతలివాళ్లు చెప్పారు. పింగ్ (సందేశం వెళ్లి జవాబు వచ్చే సమయం) చూస్తే మామూలుగా 8 మిల్లీసెకన్లు ఉండేది, సీడింగ్, అంటే నా ఫైళ్లు ఇతరులకు పంపడం, జోరుగా ఉన్నప్పుడు 300 దాటుతోంది.

అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా కుంగుతుంది. దించే ప్రతి ముక్కకూ అందిందని రసీదు పంపాలి. ఆ రసీదులు వెళ్లేది అప్‌లోడ్ దారిలోనే. ఆ దారిలో పుస్తకాల మూటలు బారులు తీరి ఉంటే రసీదు వాటి వెనక నిలబడుతుంది. రసీదు రాలేదని పంపేవాడు నెమ్మదిస్తాడు. చాలామంది ఇక్కడ చేసే పని అప్‌లోడ్‌ను దాదాపు సున్నాకు తగ్గించడం. అది తప్పు, తనకు తానే నష్టం చేసుకోవడం. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్ తయారుచేసినప్పుడే ఇచ్చినవాడికి ఇవ్వడం అనే నియమాన్ని దాని లోపలే పెట్టాడు. టొరెంటు ప్రోగ్రాం ఎవరు తనకు ఎక్కువ పంపుతున్నారో ప్రతి పది సెకన్లకు ఒకసారి లెక్క చూసుకొని, వాళ్లకే ముందు పంపుతుంది. కొత్తవారికి అవకాశం దొరకడానికి 30 సెకన్లకు ఒకసారి ఎవరో ఒకరికి ఊరికే ఇస్తుంది. చేయి ముడుచుకున్నవాడికి ఆ ఊరికే దొరికే వంతు, పూర్తి ఫైలు ఉన్న దాతల దయ మాత్రమే మిగులుతాయి.

ఈ బారుల సమస్యకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోని ఎస్‌క్యూఎం అనే, బారును సర్దే ఏర్పాటు సరైన మందు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌కు రెండు వైపులా 92 అని రాశాను. ఆ ఎనిమిది వదులుకోవడం వల్ల బారు సంస్థ పెట్టెలో కాకుండా మన రౌటర్లో తయారవుతుంది. మన దగ్గరుంటే ఎవరిని ముందు పంపాలో మనం చెప్పగలం. అందులో కేక్ అనే పద్ధతిని ఎంచుకున్నాను. కానీ టొరెంటు ప్రోగ్రాంలు వాడే యూటీపీ పద్ధతి ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా పెరిగాకే వెనక్కి తగ్గుతుంది. ఎస్‌క్యూఎం ఆలస్యాన్ని పెరగనివ్వదు కాబట్టి టొరెంటు వెనక్కి తగ్గడమే మానేసింది. 200 కనెక్షన్లున్న నా కంప్యూటర్, నాలుగైదు కనెక్షన్లున్న ఆవిడ ల్యాప్‌టాప్ వాటాను తినేస్తోంది. కేక్‌లో వాటాను కనెక్షన్ల లెక్కన కాకుండా పరికరాల లెక్కన పంచే ఏర్పాటు ఉంది. అది పెట్టిన రోజు నుంచి వీడియో కాల్ గురించి ఇంట్లో ఒక్క మాట వినలేదు. పింగ్ 15 దాటడం లేదు.

టొరెంటు ప్రోగ్రాంలో నేను మార్చినవి తక్కువ. మొత్తం కనెక్షన్లు 200, ఒక్కో టొరెంటుకు 50. వేలల్లో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినవద్దు. ప్రతి కనెక్షన్‌కూ రౌటర్ మెమరీలో ఒక వరుస ఖర్చవుతుంది, ఆ పట్టిక నిండితే ఇల్లంతా ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఇక వైఫై గురించి ఒక్కటే మాట: టొరెంటు నడిచే కంప్యూటర్‌ను కేబుల్‌తో కలపండి. మా అపార్ట్‌మెంటులో ఫోన్ తెరిస్తే ఇరవై ముప్పై నెట్‌వర్కులు కనిపిస్తాయి. ఆ గుంపులో ఏ రౌటరూ నిలకడగా పనిచేయదు.

వాడగా వాడగా బయటపడిన లోపాలు కూడా చెప్పాలి. మొదటి వేసవిలో రౌటర్‌ను టీవీ అల్మరాలో ఉంచాను. మే మధ్యాహ్నాల్లో రోజుకు రెండుసార్లు దానంతట అదే ఆగి మొదలయ్యేది. గోడకు బిగించి గాలి ఆడనిచ్చాక ఆగిపోయింది. రెండున్నరేళ్లకు అదే జబ్బు తిరిగి వచ్చింది, ఈసారి డిసెంబరు చలిలో. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆన్ చేయగానే ఆగిపోయేది. రౌటర్ పోయిందనుకున్నాను. పోయింది అడాప్టర్. 12 వోల్టుల కొత్తది తెచ్చి పెడితే మళ్లీ పుంజుకుంది. కరెంటు పోయినప్పుడు సీడింగ్ ఆగకుండా చిన్న యూపీఎస్ కూడా పెట్టాను, ఓఎన్‌టీకీ రౌటర్‌కీ కలిపి. కానీ 2025 ఆగస్టులో నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించిన రోజుల్లో మా వీధికి వచ్చే ఫైబరే లేదు. దానికి ఏ రౌటరూ జవాబు చెప్పలేదు.

పెద్ద పరిమితి ప్రాసెసర్. ఒక నెల 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకొని చూశాను. ఎస్‌క్యూఎం ఆన్‌లో ఉంటే 150 దగ్గర ఆగిపోయింది. బారును సర్దే పని అంతా ప్రాసెసర్ మీద పడుతుంది, ఈ పాత ప్రాసెసర్‌కు అంత శక్తి లేదు. ఎస్‌క్యూఎం తీసేస్తే వేగం వచ్చింది, పింగ్ మళ్లీ వందల్లోకి పోయింది. నేను 100కే తిరిగి వచ్చాను. 300 తప్పనిసరి అనుకునేవాళ్లు ఈ తరం రౌటర్ కొనవద్దు. దుకాణంలో యాంటెనాల సంఖ్య కాకుండా ప్రాసెసర్ ఏమిటో, మెమరీ ఎంతో అడగండి.

గత ఏడాది నుంచి మా సంస్థ కొత్త పద్ధతి ఐపీవీ6 చిరునామాలు కూడా ఇస్తోంది. ఇందులో ప్రతి కంప్యూటర్‌కూ సొంత పబ్లిక్ చిరునామా ఉంటుంది. పోర్టు ఫార్వర్డింగ్ అక్కరలేదు, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టుకు అనుమతి రాస్తే చాలు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ బయటి నుంచి వచ్చేవాటిని మామూలుగా ఆపేస్తుంది కాబట్టి ఆ అనుమతి రాయడం మరచిపోకూడదు. స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టలేనివాళ్లు ముందు తమకు ఐపీవీ6 వస్తోందో లేదో చూసుకోవాలి. పోయిన సంక్రాంతికి రాజమండ్రి వెళ్లినప్పుడు బాబాయి రౌటర్లో అదే పని చేశాను, అక్కడ రూపాయి ఖర్చు కాలేదు. ఇప్పుడు ఆయనే తన బీరువాలోని పాత వారపత్రికల్లో హక్కులు తీరిన రచనలను ఫోన్‌తో ఫొటోలు తీసి పెడుతున్నారు. నిన్న రాత్రి ఆయన దగ్గర నుంచి దించుకున్న మొదటి ఫైలు 212 మెగాబైట్లు.