ఆన్‌లైన్ గేముల్లో కొత్తవాళ్లకు అసలు కథ దొరకాలంటే ఏది మేలు?

దసరా సెలవులకు మా మేనల్లుడు పలాస నుంచి విజయనగరం వచ్చాడు. పైడితల్లి సిరిమాను చూడటం ఒక పని, నా కంప్యూటర్‌లో ఆన్‌లైన్ గేమ్ ఆడటం రెండో పని. మూడు రోజులు వదలకుండా ఆడాడు. తప్పిపోయిన మేకల్ని వెతికిచ్చాడు, ఎవరిదో ఉత్తరం ఇంకెవరికో అందించాడు, తోడేళ్లను చంపాడు. మూడో రోజు రాత్రి అడిగాడు: "మావయ్యా, ఇంతకీ ఇందులో మన కథేటి?"

మ్యాపు నిండా గుర్తులే. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో ఏది అసలు కథో, ఏవి పిట్టకథలో వాడికి చెప్పినవాళ్లు లేరు.

ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెప్పిన ఊరు మాది. హరికథలో పిట్టకథలు వస్తూనే ఉంటాయి, జనం వాటిని ఇష్టంగానే వింటారు. కానీ కథ చెప్పే దాసుగారు అసలు కథలోకి తిరిగి రాగానే గొంతు మారుతుంది, చిడతల ఊపు మారుతుంది. వెనక కూర్చున్న పిల్లాడికి కూడా ఆ తేడా తెలిసిపోతుంది. గేముల్లోనూ నేను చూసేది ఆ తేడా తెలుస్తోందా లేదా అనే.

ఈ విషయంలో అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఫైనల్ ఫాంటసీ 14 అనే గేమ్. అసలు కథ క్వెస్టులకు, అంటే ఆటలో మనకు అప్పజెప్పే పనులకు, మంటతో దూసుకొచ్చే ఉల్కలాంటి గుర్తు ఉంటుంది. తర్వాత ఎక్కడికి వెళ్లాలో స్క్రీన్ మీద ఎప్పుడూ రాసే ఉంటుంది. ఎక్కి తిరగడానికి చొకోబో పక్షి కావాలన్నా, గాలి ఓడలో వేరే నగరానికి వెళ్లాలన్నా, చాలా డంజన్లు, అంటే జట్టుగా వెళ్లి శత్రువులతో పోరాడే చోట్లు, తెరుచుకోవాలన్నా కథ ముందుకు నడవాల్సిందే. దారి తప్పే అవకాశం దాదాపు లేదు.

ఇబ్బంది పొడవుతో వస్తుంది. 2013లో కొత్త రూపంలో మొదలైన కథకు 2015, 2017, 2019, 2021, 2024 సంవత్సరాల్లో పెద్ద భాగాలు కలిశాయి. అన్నీ వరసగానే ఆడాలి. ముందున్న స్నేహితుణ్ణి అందుకోవాలంటే వందల గంటలు పడుతుంది. మొదటి భాగం మరీ సాగుతోందని 2020లో కొన్ని క్వెస్టులు తీసేశారు. డబ్బు కట్టి కథను దాటేసే సౌకర్యం కూడా ఉంది, కానీ కథ కోసం వచ్చినవాడికి అది నేను చెప్పను. ఇంకో మాట. ఆ మొదటి భాగంలో చాలా సంభాషణలకు గొంతు ఉండదు, ఇంగ్లీషులో చదువుకోవాలి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇది చిన్న అడ్డంకి కాదు. పేజీలకు పేజీలు చదవలేక బటన్ నొక్కుకుంటూ పోతారు. దారి దొరుకుతుంది కానీ కథ దక్కదు.

ద ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ అనే గేమ్ దీనికి పూర్తిగా ఎదురుదారి. 2016లో వచ్చిన మార్పు తర్వాత ఏ లెవెల్ (ఆడేకొద్దీ పెరిగే స్థాయి) వాళ్లయినా ఏ ప్రాంతానికైనా వెళ్లొచ్చు, ఆడేవాళ్ల బలమే అక్కడికి తగ్గట్టు సర్దుకుంటుంది. స్నేహితులు కలిసి తిరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ 2017 నుంచి కొత్త భాగం వచ్చినప్పుడల్లా కొత్తవాళ్ల ఆట అక్కడి నుంచే మొదలయ్యేది. మన పాత్ర ఆత్మను దొంగిలించిన మోలాగ్ బాల్ అనే దుష్టశక్తి కథ 2014 నాటిది, మొదట తెలియాల్సింది అదే. అది ఎక్కడో వెనకపడిపోయింది. 2021లో ఆట నేర్పే మొదటి పాఠం చివర ద్వారాలు పెట్టి, ఏ కథతో మొదలుపెడతావో ఎంచుకోమన్నారు. మంచి ప్రయత్నమే. అయితే ఏ కథా తెలియనివాడు దేన్ని చూసి ఎంచుకోవాలి? ఎంపిక అనేది కొంత తెలిసినవాడికే పనికొస్తుంది.

నన్నడిగితే కొత్తవాళ్లకు గిల్డ్ వార్స్ 2 అనే గేమ్ పద్ధతి మేలు. అందులో మన కథకు ఆకుపచ్చ నక్షత్రం గుర్తు. మ్యాపులో మిగతావి ఎన్ని ఉన్నా ఆ రంగు కథకే. మధ్యలో ఎక్కడికైనా తిరగొచ్చు, కథ కోపగించుకోదు. మొదటి కథ పది లెవెళ్లకు ఒక అధ్యాయంగా తెరుచుకుంటుంది కాబట్టి, పిట్టకథల్లో తిరగడానికి కూడా గేమే సమయం ఇస్తుంది. కొత్త అధ్యాయం తెరుచుకోవడమంటే దాసుగారి గొంతు మారినట్టే. మూల గేమ్ 2015 నుంచి ఉచితం కూడా. లోపం లేదనను. రోజుకు గంట ఆడేవాడికి ఒక అధ్యాయానికీ ఇంకో అధ్యాయానికీ మధ్య రోజులు గడిచిపోతాయి. ఎక్కడ ఆపామో, కథలో వచ్చిన ముసలాయన ఎవరో మర్చిపోతాడు.

అక్కడ ఏ గుర్తూ సాయం చేయదు, మనిషే చెయ్యాలి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేమ్‌లో కొత్తవాళ్ల కోసమే ఒక చాట్ ఉంది, అనుభవం ఉన్నవాళ్లు అందులో జవాబులిస్తారు. ఫైనల్ ఫాంటసీలో కొత్తవాళ్ల పేరు పక్కన చిన్న మొలక గుర్తు కనిపిస్తుంది, చూసినవాళ్లు సాయానికి వస్తారు. సాయం చేసేవాళ్లకు నాదొక విన్నపం. కొత్తవాణ్ణి వెంటనే పెద్ద డంజన్లకు లాక్కెళ్లకండి, మంచి కత్తులు చేతిలో పెట్టకండి. మీరు పరిగెత్తుతుంటే వాడు మీ వీపు తప్ప ఏమీ చూడడు. కథ మొదలెక్కడో చూపించి, నువ్వెవరు, నీకు ఎదురుగా ఉన్నది ఎవరు, ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నావు అన్న మూడు ముక్కలు తెలుగులో చెప్పండి. తర్వాత పక్కకు జరగండి.

మా వాడికి నేను చేసింది అంతే. వేరే గేమ్ పెట్టించి, ఆ మూడు ముక్కలూ నోటుబుక్కులో రాయించాను. అధ్యాయం అయిపోగానే కింద ఇంకో రెండు లైన్లు వాడే రాసుకున్నాడు. ఇప్పుడు పలాసలో వాళ్ల నాన్న కంప్యూటర్‌లో ఆడుతున్నాడు, 20వ లెవెల్ దాటాడు. ఆదివారం ఫోన్ చేస్తే ముందు ఆకుపచ్చ నక్షత్రం ఎక్కడుందో చెప్తాడు, తర్వాతే మిగతా కబుర్లు.