మానేరు నీళ్లలో తిరిగిన మరపడవ సముద్రానికి పనికొస్తుందా?

కరీంనగర్ లోయర్ మానేరు జలాశయంలో తిరిగిన 25 అడుగుల పాత ఫైబర్ క్యాబిన్ బోటు ఒకటి అమ్మకానికి వచ్చింది. హన్మకొండలో ఉండే మా బామ్మర్ది దాన్ని కొని, లారీ మీద కాకినాడకు తరలించి, సముద్రంలో షికారుకూ చేపల వేటకూ వాడుకోవాలనే ఆలోచనలో ఉన్నాడు. నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో పనిచేసినవాణ్ని గనుక ఇంజను చూసి చెప్పమని వెంట తీసుకువెళ్లాడు. అయితే ఇలాంటి బోటు విషయంలో ఇంజను బాగుందా లేదా అన్నది సగం ప్రశ్నే.

యూరప్‌లో 1998 జూన్ నుంచి కొత్త విహార పడవలకు అవి ఎలాంటి నీళ్లను తట్టుకోగలవో తెలిపే తరగతిని తప్పనిసరి చేశారు. ‘డి’ తరగతి సాధారణంగా 30 సెంటీమీటర్లకు మించని అలలుండే చెరువులకూ చిన్న నదులకూ, ‘సి’ రెండు మీటర్ల వరకు అలలు లేచే తీరప్రాంత జలాలకూ వర్తిస్తాయి. ఈ బోటు కూడా యూరప్‌లోనే తయారైంది కానీ, అంతకు ముందటిది కావడంతో తరగతిని తెలిపే రేకు దీనిమీద లేదు. ‘సి’కి తక్కువేమీ కాదని అమ్మే పెద్దమనిషి అంటున్నారు. రేకు లేనప్పుడు తరగతిని బోటు కట్టుబడిలోనే వెతుక్కోవాలి.

వెనుక భాగంలో మనుషులు కూర్చునే గుంట అడుగు నీటిమట్టం కంటే కిందికి ఉంది. అందులో పడిన నీరు తనంతట తాను బయటికి పోయే దారి లేదు, బోటు అడుగున చేరిన నీటిని తోడే ఒక చిన్న బిల్జి పంపే దిక్కు. వెనుక నుంచి ఒక పెద్ద అల ఎక్కితే ఆ పంపు నీటిని తోడేలోపే రెండో అల వస్తుంది. పక్కలకు పల్చటి అల్యూమినియం చట్రంలో జారే పెద్ద అద్దాలున్నాయి. జలాశయం అందాలు చూడడానికి అవి ఎంతో బాగుంటాయి గానీ, పక్క నుంచి కొట్టే అలను ఆపవు. ఫైబరు మాత్రం గట్టిగా ఉంది, సుత్తి పిడితో తట్టిన ప్రతిచోటా ఒకే శబ్దం వచ్చింది.

డీజిల్ ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది, పొగ కూడా తక్కువే. అసలు లోపం ఫిల్టరు గిన్నె విప్పినప్పుడు బయటపడింది: అడుగున వేలెడు నీరు, దాని మీద వేలికి జిగటగా అంటుకునే నల్లటి మడ్డి. నీరు చేరిన డీజిలులో సూక్ష్మజీవులు పెరిగితే ఏర్పడే మడ్డి ఇది. నిశ్చలమైన నీళ్లలో ఇది ట్యాంకు అడుగునే పడి ఉంటుంది కాబట్టి, ఈ బోటు ఇన్నాళ్లూ మొరాయించలేదని అమ్మే పెద్దమనిషి చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. సముద్రపు కుదుపుకు ఆ మడ్డంతా లేచి ఫిల్టరుకు అడ్డుపడుతుంది, ఇంజను సరిగ్గా అల పెద్దదైన చోటే ఆగుతుంది. ఇక్కడ ఉన్నది ఒకటే ఇంజను, అది ఆగితే బోటును పట్టి ఉంచాల్సిన లంగరు చూస్తే సన్నటి నైలాన్ తాడుకు కట్టిన ఆటవస్తువులా ఉంది.

ఇంజనును చల్లబరచడానికి బయటి నీటినే నేరుగా ఇంజను ఇనుప దిమ్మ (బ్లాకు) లోపల తిప్పే పద్ధతి ఇందులో ఉంది, ఉప్పునీరు అలా తిరిగితే ఇనుము తినేసుకుపోతుంది. అడుగున తుప్పు నివారణకు బిగించిన దిమ్మెలు మంచినీటికి వాడే మెగ్నీషియంవి. సముద్రంలో అవి చూస్తుండగానే కరిగిపోతాయి గనుక జింకువి వేయాలి. ప్రొపెల్లరు కాడ దగ్గరి రబ్బరు తొడుగు పగుళ్లు తేలింది. అది చిరిగితే నీరు నేరుగా బోటులోకి వస్తుంది కాబట్టి, మానేరులో తిప్పాలన్నా ముందు దాన్ని మార్చాల్సిందే.

ట్యాంకు విప్పి కడిగి, తొడుగు, దిమ్మెలు మార్చి, చల్లబరిచే పద్ధతిని సరిచేస్తే, హోప్ ఐలాండ్ చాటున ఉండే కాకినాడ అఖాతంలో గాలి లేని ఉదయాల్లో దీన్ని నడపవచ్చు. ఆ దీవి దాటి బయటి సముద్రంలోకి మాత్రం ఎన్ని మరమ్మతులు చేసినా తీసుకెళ్లకూడదు, ఎందుకంటే గుంట లోతూ అద్దాల వెడల్పూ మెకానిక్ మార్చగలిగేవి కావు. జలాశయంలో తిరగడానికి చేయించిన రిజిస్ట్రేషను సముద్రానికి చెల్లదు, ఆ కాగితాలు వేరే చూసుకోవాలి.

అమ్మే పెద్దమనిషి ధర తగ్గిస్తానంటున్నారు గానీ, నడిపి చూపడానికి తెల్లవారుజామునే రమ్మంటున్నారు. గాలి లేచే మధ్యాహ్నం వేళ, ట్యాంకులో డీజిలు సగానికి తక్కువ ఉండి కుదుపుకు మడ్డి లేచే వీలున్నప్పుడు, జలాశయం నడిమధ్యకు తీసుకెళ్లి అలలకు అడ్డంగా తిప్పి చూపిస్తేనే బేరం మాట ఎత్తమని బామ్మర్దికి చెప్పాను.