ఎనిమిదేళ్లుగా మా పీచు ఆఫీసులో థండర్‌బర్డ్

అంబాజీపేట దగ్గర మా మావయ్యకి కొబ్బరి పీచు యూనిట్ ఉంది. లెక్కలు, మెయిళ్లు నా పని. 2017లో నేను చేరేసరికి ఆయనకి మూడు మెయిల్ అకౌంట్లున్నాయి. ఎప్పుడో అమలాపురం నెట్ సెంటర్‌లో తెరిపించిన యాహూ, ఫోన్ కొన్నప్పుడు పెట్టుకున్న జీమెయిల్, వెబ్‌సైట్ చేసినవాళ్లు ఇచ్చిన కంపెనీ మెయిల్. ఆర్డర్ ఒకదాంట్లో వస్తుంది, డబ్బులు వేసిన వివరం ఇంకోదాంట్లో, జీఎస్టీ నోటీసు మూడోదాంట్లో. పొద్దున్నే మూడింటి చుట్టూ తిరగలేక అన్ని అకౌంట్ల మెయిళ్లూ ఒకేచోట చూపించే థండర్‌బర్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఆఫీసు కంప్యూటర్‌లో వేశాను. మొజిల్లా వాళ్లది, ఉచితం. ఇప్పటికీ అదే వాడుతున్నాం.

జీమెయిల్, యాహూ కలపడం పెద్ద పనేం కాదు. అడ్రసు కొడితే సర్వర్ వివరాలు అదే తెచ్చుకుంటుంది. తర్వాత తెరుచుకునే లాగిన్ పేజీలో అనుమతి ఇస్తే చాలు. నన్ను ఏడిపించింది కంపెనీ మెయిలే. బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌మెయిల్ అడ్రసే సర్వర్ పేరనుకుని ఒక పూటంతా దాన్నే కొట్టాను. ఆ రెండూ ఒకటే కావాలని లేదు. యూజర్ నేమ్ దగ్గర థండర్‌బర్డ్ ఊహించి పెట్టింది కూడా చూసుకోవాలి. మా హోస్టింగ్‌కి పూర్తి మెయిల్ అడ్రసు కావాలి, అందులో ఉన్నదేమో @ గుర్తుకి ముందున్న ముక్క మాత్రమే. అది దిద్దగానే కలిసింది.

మెయిళ్లు తెచ్చుకునే పద్ధతులు రెండున్నాయి. ఐమ్యాప్ (IMAP) సర్వర్‌లో ఉన్నదాన్నే ఇక్కడా చూపిస్తుంది, పాప్ (POP) మన కంప్యూటర్‌లోకి దింపేస్తుంది. నేను రెండూ వాడుతున్నాను. జీమెయిల్‌కి, యాహూకి ఐమ్యాప్. కంపెనీ మెయిల్‌కి వాళ్లిచ్చిన చోటు ఒక్క జీబీ, లారీ లోడు ఫొటోలు నాలుగొస్తే కిటకిటలాడుతుంది. అందుకని దానికి పాప్ పెట్టి, సర్వర్‌లో 14 రోజులు ఉంచమన్నాను. ఆ రెండు వారాలూ మావయ్య ఫోన్‌లోనూ కనిపిస్తాయి, ఆ తర్వాత మా కంప్యూటర్లోనే ఉంటాయి.

ఐమ్యాప్ విషయంలో ఒకసారి చేతులు కాల్చుకున్నాను. కంప్యూటర్ బరువెక్కిందని పాత మెయిళ్లన్నీ డిలీట్ కొట్టేశాను. జీమెయిల్లో ఎలాగూ ఉంటాయిగా అని ధైర్యం. మూడో రోజు మావయ్య ఫోన్ పట్టుకొచ్చి, "ఏరా, బ్యాంకోళ్ల లోను మెయిళ్లేవీ?" అన్నాడు. ఐమ్యాప్‌లో ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి కాబట్టి బతికిపోయాను. అప్పటి నుంచి పాతవి తీసెయ్యాలంటే ముందు మన కంప్యూటర్లోనే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లోకి లాగుతాను. బరువు తగ్గాలంటే తీసెయ్యడం ఒక్కటే సరిపోదు, తీసేసినవాటి చోటు ఖాళీ చేసే కంపాక్ట్ కూడా చెయ్యాలి, లేకపోతే ఫైలు సైజు అలాగే ఉంటుంది. జీమెయిల్ వాడేవాళ్లు అన్ని మెయిళ్లూ ఇంకోసారి కనిపించే ఆల్ మెయిల్ ఫోల్డర్‌కి సింక్ టిక్కు తీసేస్తే ఉన్న మెయిలే మళ్లీ దిగకుండా ఉంటుంది.

వేసిన రోజే మార్చాల్సిన సెట్టింగ్ ఇంకోటుంది. థండర్‌బర్డ్ మామూలుగా మన జవాబుని అవతలి వాళ్ల మెయిల్ కింద పెడుతుంది. రాజమండ్రి పరుపుల పార్టీ ఆయన ఫోన్ చేసి, "ఏమండీ, రేటు చెప్పమంటే నా మెయిల్ నాకే తిప్పి పంపేరేంటండీ!" అన్నాడు. నా రేటు ఆయన పొడుగాటి మెయిలుకి అడుగున ఉంది. అకౌంట్ సెట్టింగ్స్‌లో కంపోజిషన్ దగ్గర జవాబు పైన వచ్చేలా మార్చాను. ఒక్కో అకౌంటుకీ విడిగా మార్చాలి, మూడోది మర్చిపోయి ఆయన చేతే మళ్లీ అనిపించుకున్నాను.

దీని విలువ నాకు తెలిసొచ్చింది 2022లో. మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు, రోజుల తరబడి రాలేదు. ఫోన్లు మాత్రం పనిచేసేవి. ఒక పార్టీ ఫోన్‌లో బేళ్ల రేటు మేం అలా చెప్పనేలేదని మొండికేశాడు. నెట్ లేకుండానే థండర్‌బర్డ్‌లో ఆయన పేరు కొట్టి వెతికితే మార్చి నాటి మెయిల్ దొరికింది. ఫోన్‌లోనే చదివి వినిపించాను, ఇంక మాట్లాడలేదు.

నెట్ తిరిగొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడితే వద్దంటుంది. ఎవరో హ్యాక్ చేశారని మావయ్య హడావిడి. తీరా చూస్తే, మామూలు పాస్‌వర్డ్‌తో బయటి సాఫ్ట్‌వేర్లను రానివ్వడం గూగుల్ మే 30 నుంచి ఆపేసింది. మా అకౌంటేమో పాత పద్ధతిలోనే ఉంది. గూగుల్ వాళ్లు ముందే మెయిళ్లు పంపారు కూడా. వాళ్ల దగ్గర్నుంచి వచ్చేవన్నీ ఒక మూల ఫోల్డర్‌లోకి తోసే ఫిల్టర్ పెట్టుకున్నది నేనే! సర్వర్ సెట్టింగ్స్‌లో ఆథెంటికేషన్ దగ్గర, పాస్‌వర్డ్ బదులు గూగుల్ లాగిన్ పేజీలో అనుమతి తీసుకునే ఓఆథ్2 (OAuth2) ఎంచుకుంటే మెయిళ్లు దిగడం మొదలైంది. పంపడం మాత్రం కుదరలేదు. పంపే సర్వర్ లిస్టు విడిగా అడుగున ఉంటుంది, అక్కడా అదే మార్చాలని ఇంకో గంటకి గానీ తట్టలేదు.

2023లో వచ్చిన 115 వెర్షన్ రూపం మార్చేసింది. మెయిళ్లు కార్డుల్లా పేర్చి చూపించే పద్ధతి వచ్చింది, అందులో స్క్రీన్ మీద పట్టేవి తగ్గిపోయాయి. నేను వరసకొకటి చూపించే టేబుల్ వ్యూకి వెనక్కి వెళ్లిపోయాను. తెలుగు అక్షరాలు చీమల్లా కనిపించేవాళ్లు సెట్టింగ్స్‌లో ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్‌లో తెలుగుని ఎంచుకుని నిర్మల యూఐ ఫాంట్ పెట్టి సైజు పెంచుకోండి, కళ్లకి హాయి.

ఇంకోటి, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, వాటికి తాళంలాంటి ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ కుర్చీలో కూర్చున్న ఎవరికైనా కనిపిస్తాయి. మా ఆఫీసులో ఆ కుర్చీలో కూర్చోనివాడు లేడు, కాబట్టి పెట్టాను. శనివారం భోజనాలయ్యాక థండర్‌బర్డ్ మూసేసి, దాని మెయిళ్లు, సెట్టింగులు అన్నీ ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇంటికి తీసుకెళ్తాను. పోయినేడాది కంప్యూటర్ మార్చినప్పుడు దాన్నే కొత్తదాంట్లో పెట్టాను. మూడు అకౌంట్లు, ఫిల్టర్లు, అప్పటిదాకా ఉన్న మెయిళ్లు టీ తాగొచ్చేలోపు సిద్ధంగా ఉన్నాయి.