ఇతరులకు సాయపడటమే వృత్తి కావాలంటే: వైద్యమా, నర్సింగా, సోషల్ వర్కా, కౌన్సెలింగా? ఏది మేలు?

నలుగురికీ ఉపయోగపడే పని చేయాలని ఉందని ఒక విద్యార్థి చెప్పగానే, మార్కులు బాగా వస్తే డాక్టరు కమ్మంటారు, రాకపోతే మరేదైనా చూసుకోమంటారు. ఆ "మరేదైనా"లో ఎన్ని వృత్తులున్నాయో, రోజువారీ పనిలో వాటి మధ్య ఎంత తేడా ఉందో విడమరచి చెప్పేవారు తక్కువ. ఈ మధ్య ఒక విద్యార్థిని నన్ను ఇదే విషయం అడిగింది. సాయపడాలన్న ఆమె కోరిక నిజమైనదని మాటల్లోనే తెలుస్తోంది. అయితే, "బాధలో ఉన్న మనిషి పక్కన రోజులో ఎంతసేపు ఉండాలని నీకుంది?" అని నేను తిరిగి అడిగినప్పుడు, ఆ సంగతి తానెన్నడూ ఆలోచించలేదంది. నా దృష్టిలో అసలు కొలబద్ద అదే. సాయం పొందే మనిషికి ఎంత దగ్గరగా, ఎంతసేపు, చేతిలో ఏ సాధనంతో ఉండబోతున్నామన్నది ముందు తేలాలి. హోదా, జీతం, చదువుకు పట్టే కాలం ఆ తర్వాతే లెక్కకు రావాలి.

వైద్యుడు చేసే సాయం ప్రధానంగా నిర్ణయం రూపంలో ఉంటుంది. లక్షణాలు విని, పరీక్షించి, సమాచారం పూర్తిగా అందకముందే ఒక చికిత్సను ఎంచుకుని, అది తప్పయితే ఆ బరువును తానే మోయడానికి సిద్ధపడాలి. చాలా దేశాల్లో వైద్య విద్యకు 5, 6 ఏళ్లు పడుతుంది. కొన్నిచోట్ల దానికి ముందే ఒక డిగ్రీ పూర్తి చేయాలి. స్పెషలిస్టు కావాలంటే మరికొన్నేళ్లు. ఇంత చదివిన మనిషి రోగి మంచం దగ్గర నిలబడేది రౌండ్సులో కొద్ది నిమిషాలే. అందులో వైద్యుడి తప్పేమీ లేదు, ఆ వృత్తి నిర్మాణమే అంత. శరీరం ఎలా పనిచేస్తుంది, ఎక్కడ గాడి తప్పుతుంది అన్న కుతూహలం లోపల లేకుండా, కేవలం జాలితో ఆ దారిలో అడుగుపెట్టినవారికి చదువు మధ్యలోనే అలసట మొదలవుతుంది. కుతూహలం ఉన్నవారికి మాత్రం ఇంతకు మించిన వృత్తి లేదు.

నర్సింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని వైద్యం కంటే ఒక మెట్టు దిగువన ఉన్న అదే పని అనుకునేవారే ఎక్కువ. అది వేరే విద్య. మంచం మీద కదలలేని రోగిని ఒక నర్సు పక్కకు తిప్పడం దగ్గర నిలబడి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. చూసేవారికి అది దుప్పటి సరిచేసినట్టే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలోనే ఆమె మడమలనూ, తుంటి ఎముకలపై చర్మాన్నీ, వెన్ను చివరనూ పరిశీలిస్తుంది. ఎక్కడైనా ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదులుతుంది. నొక్కినప్పుడు ఆ చోటు తెల్లబడి, మళ్లీ రంగు వస్తే రక్తప్రసరణ సాగుతున్నట్టే. ఎంత నొక్కినా ఎరుపు చెదరకపోతే లోపల కణజాలం అప్పటికే దెబ్బతినడం మొదలైనట్టు. చర్మం నల్లగా ఉన్నవారిలో ఆ ఎరుపు కంటికి ఆనదు కాబట్టి, వేడినీ గట్టిదనాన్నీ చేతితో తడిమి పోల్చుకోవాలి. ఆ గుర్తు ఒక రాత్రి డ్యూటీలో ఎవరి కంటా పడకపోతే, అది పుండై, కొన్నిసార్లు ఎముక దాకా పోయి, అసలు జబ్బు నయమైన రోగిని కూడా నెలల తరబడి మంచానికి కట్టిపడేస్తుంది. ఇంతటి ఆపద తప్పించినందుకు కృతజ్ఞత చెప్పేవారు కూడా ఉండరు, జరగని కీడు ఎవరికీ కనిపించదు కనుక.

క్రిమియా యుద్ధ కాలంలో 1854లో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్లిన బ్రిటిష్ నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్, సైనికులు గాయాల కంటే నివారించగలిగిన అంటువ్యాధులతోనే ఎక్కువగా మరణించారని తర్వాత లెక్కలు కట్టి రేఖాచిత్రాలతో నిరూపించింది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాలను స్థాపించింది. దీపంతో తిరిగిన దయామయిగానే ఆమెను గుర్తు పెట్టుకోవడం వల్ల, ఈ వృత్తికి పునాది నిశితమైన పరిశీలన అన్న సంగతి మరుగున పడిపోయింది. నేటికీ ప్రపంచ ఆరోగ్య సిబ్బందిలో దాదాపు సగం మంది నర్సులూ మంత్రసానులేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ వృత్తిలో కష్టాలనూ దాచకూడదు: మారుతూ ఉండే షిఫ్టులు, బరువులెత్తి దెబ్బతినే నడుములు, ఒకే నర్సుకు అప్పగించే రోగుల సంఖ్య, తన మాటకు దక్కవలసిన విలువ దక్కకపోవడం. చివరిది నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

సోషల్ వర్క్‌ను "సేవ" అనే మాటతో కలిపేయడం వల్ల మరొక అపోహ పుట్టింది, అది తీరిక ఉన్నవారు చేసే మంచి పని అని. తుంటి ఎముకకు ఆపరేషన్ జరిగిన ఒక వృద్ధురాలిని డిశ్చార్జి చేస్తున్నారనుకుందాం. వైద్యుడి దృష్టిలో చికిత్స విజయవంతమైంది. ఆమె ఉండేది లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తు. ఇంట్లో మరెవరూ లేరు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. పింఛను కాగితాల్లో పేరు తప్పు పడింది. ఈ నాలుగింటినీ ముందుగా గుర్తించి, ఏ కార్యాలయంలో ఎవరిని కలవాలో తెలుసుకుని, ఆమె తరఫున వెంటపడేవారు లేకపోతే ఆమె తిరిగి ఆసుపత్రికే వస్తుంది. షికాగోలో 1889లో ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి, పేద, వలస కుటుంబాలకు తోడ్పడే హల్ హౌస్ అనే కేంద్రాన్ని స్థాపించిన జేన్ ఆడమ్స్ జీవితంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 1931లో వచ్చిన నోబెల్ శాంతి బహుమతి కాదు. 1895లో ఆమె తాను ఉండే నగర వార్డుకు చెత్త తొలగింపు ఇన్‌స్పెక్టరుగా నియమితురాలై, తెల్లవారుజామునే లేచి చెత్త బళ్ల వెంట తిరిగింది. పిల్లల జబ్బులకు కారణం వీధిలో పేరుకుపోయిన చెత్త అయినప్పుడు, ఓదార్పు కంటే ఆ పనే పెద్ద సాయం. అయితే ఈ వృత్తిలో ఉన్నవారి చేతిలో మందూ ఉండదు, తుది నిర్ణయమూ ఉండదు. ఇతరుల సంతకాల మీద ఆధారపడి పని సాగుతుంది. న్యాయంగా రావలసింది రాకపోతే కోపం వచ్చి, ఆ కోపాన్ని ఓపికగా దరఖాస్తులుగా మార్చగలిగేవారే ఇందులో నిలదొక్కుకుంటారు.

కౌన్సెలింగ్ వైపు నేటి విద్యార్థుల మొగ్గు బలంగా ఉంది. స్నేహితులు తమ బాధలు తనతోనే చెప్పుకుంటారు కాబట్టి తనకు ఈ వృత్తి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. స్నేహితుడు వినడానికీ కౌన్సెలర్ వినడానికీ మధ్య చాలా దూరం ఉంది. స్నేహితుడు సలహా ఇస్తాడు, తన అనుభవం చెబుతాడు, మౌనం ఇబ్బందిగా ఉంటే ఏదో ఒక మాట అందుకుంటాడు. ఈ మూడింటినీ ఆపుకోవడం కౌన్సెలర్ నేర్చుకోవలసిన తొలి విద్య. ఎదుటివారిని "రోగి" అనడం మాని "క్లయింట్" అన్న మాటను వాడుకలోకి తెచ్చిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్, సహానుభూతి, షరతులు లేని ఆదరణ, కౌన్సెలర్ తనలో తాను నిజాయితీగా ఉండటం అనే లక్షణాలను మార్పుకు అవసరమైన పరిస్థితులుగా 1957లో వివరించాడు. చదవడానికి సులువుగా ఉన్న ఈ మాటలు ఆచరణలో చాలా కఠినం. జీవితంలో కొంత చూసినవారికి కాస్త సులభమవుతాయి. అందుకే ఇది తొలి వృత్తిగా కంటే రెండో మజిలీగా మేలని నా అభిప్రాయం.

ఈ నాలుగింటిలో మూడు వృత్తులను ఒకే జీవితంలో నిర్వహించిన సిసిలీ సాండర్స్ ఉదాహరణ ఈ పోలికకు బాగా పనికొస్తుంది. 1918లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆమె మొదట నర్సుగా శిక్షణ పొందింది. నడుము నొప్పి వల్ల ఆ పని కొనసాగించలేక, ఆసుపత్రిలో రోగుల సామాజిక అవసరాలు చూసే ఉద్యోగానికి మారింది. క్యాన్సర్‌తో మరణిస్తున్న ఒక శరణార్థితో ఏర్పడిన స్నేహం ఆమె దారిని నిర్ణయించింది. మరణానికి చేరువైనవారికి, నొప్పి భరించరాక అడిగినప్పుడు కాకుండా వేళ ప్రకారం ముందుగానే మందు ఇస్తే, వారు స్పృహతో ప్రశాంతంగా ఉండగలరని ఆమె గ్రహించింది ఒక సంరక్షణ కేంద్రంలో స్వచ్ఛందంగా నర్సు పని చేస్తున్నప్పుడు. ఆ సంగతిని వైద్య లోకం చేత ఒప్పించడానికి మాత్రం ఆమె వైద్యం చదవవలసి వచ్చింది. 1957లో పట్టా పొంది, పరిశోధన చేసి, 1967లో లండన్‌లో, మరణానికి చేరువైనవారిని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది. నొప్పిలో శరీరంతో పాటు మనసు, కుటుంబ పరిస్థితి, ఆధ్యాత్మిక వేదన కూడా కలిసి ఉంటాయని ఆమె చెప్పగలగడానికి కారణం, ఆ మనిషిని మూడు వైపుల నుంచీ చూసి ఉండటమే.

అలసట విషయంలోనూ ఈ వృత్తులను పోల్చి చూడాలి. ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవారిలో తాను గమనించిన నీరసాన్ని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో "బర్నౌట్" అని వర్ణించాడు. తర్వాత అదే శాస్త్రానికి చెందిన క్రిస్టినా మస్లాక్ దానికి మూడు గుర్తులు చెప్పింది: భావోద్వేగపరమైన అలసట, సాయం కోరి వచ్చినవారి పట్ల విముఖత, చేసే పనివల్ల ప్రయోజనం లేదన్న భావన. వైద్యులకు బాధ్యత, నర్సులకు తలకు మించిన పని, సోషల్ వర్కర్లకు చేతులు కట్టేసినట్టుండే పరిస్థితి ఈ స్థితిని తెస్తాయి. కౌన్సెలర్లు తమ కేసుల గురించి అనుభవజ్ఞులతో క్రమం తప్పకుండా మాట్లాడుకునే "సూపర్‌విజన్" పద్ధతి ఆ వృత్తిలో ఒక భాగం. మిగిలిన మూడు వృత్తుల్లో, ముఖ్యంగా నర్సింగ్‌లో, అలాంటి ఏర్పాటు ఉన్న చోటు దొరికితే నాలుగు రూపాయలు తక్కువైనా అక్కడే చేరమని చెబుతాను.

ఇంకా తేల్చుకోలేని విద్యార్థికి నేను సూచించేది నర్సింగే. 3, 4 ఏళ్లలో పట్టా చేతికి వస్తుంది. చేరిన కొద్ది నెలలకే నిజమైన మనుషుల మధ్య నిలబడే అవకాశం దొరుకుతుంది. అక్కడి నుంచి ప్రజారోగ్యానికైనా, కౌన్సెలింగ్‌కైనా, బోధనకైనా దారి ఉంటుంది. వైద్యం సగంలో వదిలినవారికి ఇంత సులువుగా దారులు తెరుచుకోవు. రోగం గుట్టు విప్పాలన్న తపన ఉన్నవారు ఈ సలహా పక్కనపెట్టి వైద్యానికే వెళ్లాలి. మనిషి బాధ కంటే ఆ బాధకు కారణమైన అన్యాయం ఎక్కువగా కలచివేస్తే సోషల్ వర్క్ సరైనది. రాత్రి మేల్కొనడం ఆరోగ్యరీత్యా కుదరనివారు ఫిజియోథెరపీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధన వంటివి చూడవచ్చు.

ఏదైనా ఎంచుకునే ముందు కొన్నాళ్లు వృద్ధులుండే చోటికి వెళ్లి సాయపడి రమ్మని ఆ విద్యార్థినితో అన్నాను. నెల తర్వాత వచ్చి, ఒక పెద్దావిడ గురించి చెప్పింది. ఆవిడ కొన్ని రోజులుగా సరిగా తినడం లేదని, మొండితనమని అందరూ అనుకుంటున్నారట. కళ్లద్దాలు పక్క మంచం కింద పడి ఉన్నాయని, పళ్లెంలో ఏముందో ఆవిడకు కనిపించడం లేదని ఈ అమ్మాయి గమనించింది. అద్దాలు తుడిచి ఆవిడకు పెట్టాక తనంతట తానే తిన్నదట. అదంతా చెప్పి, నర్సింగ్‌లో చేరాలంటే దరఖాస్తు ఎప్పటిలోగా పంపాలని అడిగింది.