రుద్రనాథ్ నడక దారి: సాగర్ వైపు నుంచా, మండల్ వైపు నుంచా?

కేదార్‌నాథ్ దర్శనం చేసుకుని ఊఖీమఠ్, చోప్తా మీదుగా బదరీనాథ్ వెళ్ళే బండ్లన్నీ మండల్, సాగర్ అనే రెండు ఊళ్ళ ముందు నుంచే పోతాయి. గఢ్వాల్ కొండల్లోని ఐదు శివక్షేత్రాలైన పంచకేదారాల్లో నాలుగోదైన రుద్రనాథ్‌కు నడక మొదలయ్యేది ఈ ఊళ్ళలోనే. చార్‌ధామ్‌కు వచ్చే మనవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. రుద్రనాథ్‌లో శివుడి ముఖాన్ని పూజిస్తారు. గుడి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున, రాతి గుహను ఆనుకుని ఉంటుంది. కేదార్‌నాథ్‌లాగా హెలికాప్టర్ సర్వీసు లేదు, సిమెంటు దారి లేదు. అడవి, గడ్డి మైదానం, గుడి మూడూ ఒకే నడకలో కావాలంటే గఢ్వాల్‌లో దీన్ని మించిన దారి చెప్పడం కష్టం. అయితే దీన్ని రెండు రోజుల్లో ముగించే ప్యాకేజీలను మాత్రం దూరం పెట్టండి.

ఎందుకంటే సాగర్ సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది, మొదటి రోజు చేరే పనార్ బుగ్యాల్ (బుగ్యాల్ అంటే కొండ మీది గడ్డి మైదానం) 3,450 దగ్గర. అంటే 12 కిలోమీటర్లలో 1,700 మీటర్లకు పైగా ఎక్కాలి. అలిపిరి మెట్ల దారి ఎక్కే ఎత్తుకు ఇది రెండింతల పైనే, పైగా మెట్లు లేకుండా. మోకాళ్ళ సంగతి అలా ఉంచితే, అసలు ఇబ్బంది పైన పలచబడే గాలితో వస్తుంది. పొద్దున 1,700లో ఉన్న శరీరాన్ని రాత్రికి 3,450లో పడుకోబెడితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం చాలామందికి మామూలే. చాలామంది మొదటి రాత్రి పనార్‌లో ఆగుతారు. దానికి ముందు, దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న ల్యూటీ బుగ్యాల్‌లో ఆగడం మేలు. అప్పుడు రెండో రోజు నడక పెరుగుతుంది గానీ రెండో రాత్రికి రుద్రనాథ్‌లో తల తేలికగా ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలనుకుంటే బయలుదేరే ముందే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళ విషయంలో ఇది ముఖ్యం. తలనొప్పికి తోడు అడుగు తడబడుతుంటే ఇక పైకి వద్దు, అదే రోజు కిందికి దిగాలి.

సాగర్ నుంచి మొదటి నాలుగు కిలోమీటర్లు పొలాలు, ఆపైన అడవి దాటుకుంటూ పుంగ్ బుగ్యాల్ దాకా వెళ్తాయి. అక్కడ చిన్న మైదానం, పశువుల కాపరుల గుడిసెలు కనిపిస్తాయి. ఇక్కడిదాకా ఎవరైనా నడుస్తారు. అసలు ఎక్కుడు ఆ తర్వాతే, మౌలీ ఖరక్ మీదుగా ఓక్, బురాంశ్ (రోడోడెండ్రాన్) చెట్ల మధ్య మలుపులు తిరుగుతూ ల్యూటీ వరకూ ఎడతెగకుండా సాగుతుంది. ల్యూటీలో సీసాలన్నీ నింపుకోండి, మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా. అక్కడి నుంచి పనార్ వరకు, ఆపైన గట్టు వెంబడి నీటికి కటకట. చాలామంది బరువనుకుని నీళ్ళు తగ్గించుకుంటారు. ఒంట్లో నీరు తగ్గి వచ్చే తలనొప్పిని ఎత్తు తెచ్చే తలనొప్పి నుంచి వేరుగా గుర్తుపట్టడం కష్టం, అక్కడే నిర్ణయాలు తప్పుతాయి.

పనార్ దగ్గర చెట్లు ఆగిపోతాయి. ఆకాశం తేటగా ఉంటే నందాదేవి, త్రిశూల్, నందాఘుంటీ శిఖరాలు వరుసగా నిలబడతాయి. ఇక్కడి నుంచి గుడి సుమారు ఎనిమిది కిలోమీటర్లు, నాలుగైదు గంటల నడక. దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు పితృధార్. పితృదేవతల పేరున యాత్రికులు రాళ్ళు పెట్టే చోటు ఇది. మధ్యాహ్నమయ్యేసరికి ఈ గట్టును మబ్బు కమ్ముతుంది, ఉరుములూ వస్తాయి, తలదాచుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి ల్యూటీలో తెల్లవారుజామున ఐదింటికల్లా బయలుదేరి, పదకొండు లోపు పితృధార్ దాటాలి. పంచగంగ దాటాక దేవదర్శినీ దగ్గర గుడి మొదటిసారి కనిపిస్తుంది. మే నెలలో పితృధార్, పంచగంగల మధ్య గట్టిపడ్డ మంచు మిగిలి ఉండవచ్చు. చేతికర్ర, గాడి అరగని బూట్లు లేకుండా దాని మీద అడుగు వేయకండి.

రాత్రి రుద్రనాథ్‌లోనే ఉండండి. సాయంత్రం హారతి ఒక ఎత్తు, తెల్లవారాక అలంకారానికి ముందు రాతిలో స్వయంభువుగా వెలసిన ముఖాన్ని చూడటం మరో ఎత్తు. మధ్యాహ్నం వచ్చి గంటలో వెనుదిరిగేవాళ్ళు ఆ దర్శనాన్ని పోగొట్టుకుంటున్నారు. గుడికి దగ్గర్లోనే వైతరణి నది ఉంది. పితృకార్యం చేయదలచినవాళ్ళు అక్కడ పిండప్రదానం చేస్తారు.

వసతి విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. దారిలో దొరికేవి స్థానికులు నడిపే సాదా గుడిసెలు, పరుపు, రజాయి. భోజనం రొట్టె, పప్పు, రాజ్మా, కిచిడీ. 3,600 మీటర్ల ఎత్తున నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి కనుక గిన్నెలో వండిన అన్నం పలుకుగా ఉంటుంది. కుక్కర్‌లో చేసిన కిచిడీ అడగడం నయం. పొడి, పచ్చడి వెంట ఉంటే ఆకలి చావదు. ఇదంతా కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధి, కాబట్టి అటవీ శాఖ దగ్గర ముందే నమోదు చేసుకోండి. రోజుకు ఎంతమందిని పంపాలన్నదానికీ పరిమితి ఉంటుంది. బుగ్యాల్‌లలో రాత్రి గుడారాలు వేయడాన్ని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. మైదానంలో టెంటు వేసి ఇస్తామనే నిర్వాహకులకు డబ్బు కట్టవద్దు. ఆ గడ్డి ఒకసారి నలిగి మట్టి తేలితే మళ్ళీ మొలవడానికి ఏళ్ళు పడుతుంది.

ఇక మండల్ దారి. మొదటి ఐదు కిలోమీటర్లు అనసూయా దేవి గుడి వరకు హాయిగా ఉంటాయి, దట్టమైన అడవి, పక్కన వాగు. దత్తాత్రేయుడి తల్లి గుడి ఇది. పిఠాపురం వెళ్ళే దత్త భక్తులు ఇక్కడికి తప్పక రావాలి. కాస్త పైన జలపాతం దగ్గర అత్రి ముని గుహ ఉంది. ఈ భాగం ఒక్కరోజులో వెళ్ళి రావచ్చు, ఇంటిల్లిపాదీ నడవగలరు. 1973లో చిప్కో ఉద్యమకారులు చెట్లు కొట్టడానికి వచ్చినవాళ్ళను మొదట వెనక్కి పంపింది కూడా ఈ మండల్ అడవి దగ్గరే.

అనసూయ దాటాక కథ వేరు. హంసా బుగ్యాల్ మీదుగా నావలా కనుమ దాకా నిటారు ఎక్కుడు, మధ్యలో ఊరు లేదు, తిండి దొరకదు, ఆకులు కప్పేసి దారి పోల్చుకోలేం. ఎలుగుబంట్లు తిరిగే అడవి. ఈ దారిన ఎక్కమని ఎవరికీ సలహా ఇవ్వలేం. దిగడానికైతే వాడుకోవచ్చు, కానీ స్థానిక గైడ్ ఉండి, ముందు రెండు రోజులు వాన లేకపోతేనే. తడి ఆకుల మీద దిగుడు మోకాళ్ళకూ మడమలకూ ప్రమాదం. లేదంటే వచ్చిన సాగర్ దారినే దిగి, అనసూయ గుడికి మర్నాడు విడిగా వెళ్ళండి.

గుడి మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది, చలికాలంలో ఉత్సవమూర్తి సాగర్‌కు దగ్గరి పట్టణమైన గోపేశ్వర్‌లోని గోపీనాథ్ ఆలయానికి దిగుతుంది. జూలై, ఆగస్టులు వద్దు. కింద అడవిలో జలగలు, బదరీ రోడ్డు మీద కొండచరియలు. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా అన్నిటికన్నా మంచి కాలం. నగదు గోపేశ్వర్‌లోనే తీసుకోండి, పైన ఏటీఎం లేదు. వీపున ఏడు కిలోలు దాటితే సాగర్‌లో పోర్టర్‌ను మాట్లాడుకోండి, రోజు లెక్కనా మొత్తానికా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.